పాతబండ్ల పొగ పల్లెల పాలేనా?

పాతబడిన మోటారు బండ్లను ఏమి చేయవలయునను ప్రశ్న 2025వ సంవత్సరమున దేశ రాజధానిని కదలించివైచినది. పదియేండ్లు దాటిన డీజిలు బండ్లకును, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లకును ఢిల్లీ బంకులలో చమురు పోయరాదను ఆజ్ఞ ఆ యేటి జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. యజమానులు గగ్గోలుపెట్టిరి. కొలది దినములలోనే అధికారులు వెనుకకు తగ్గిరి. ఆగస్టు 12వ తేదీన సుప్రీముకోర్టువారు అట్టి యజమానులపై బలవంతపు చర్యలు వలదని చెప్పి, డిసెంబరులో ఆ రక్షణము బి.ఎస్. 4 ప్రమాణమునకును దాని తరువాతి ప్రమాణములకును చెందిన బండ్లకు మాత్రమేయని సవరించిరి. మన ప్రాంతమునందలి పాఠకులు ఈ వార్తలను చదివి, ఇది ఢిల్లీవారి గొడవయని పుట త్రిప్పియుందురు. అది ఢిల్లీవారి గొడవ మాత్రమే కాదనియు, అచ్చట వెళ్లగొట్టబడు పొగ ఎచ్చటికి చేరుచున్నదో మనము విచారింపవలసియున్నదనియు మనవి చేయుచున్నాము.

వెలిగండ్ల వంటి మండల కేంద్రమును ఉదయము ఎనిమిది గంటల వేళ చూచినవారికి ఈ మాట బోధపడకపోదు. ఈ యూరికి రైలు లేదు. కనిగిరికి గాని, పామూరుకు గాని, అటునుండి ఒంగోలుకు గాని, హైదరాబాదుకు గాని పోవలెనన్న మోటారు బండియే శరణ్యము. పల్లెవెలుగు బస్సు, దాని వెనుక మనుష్యులను క్రిక్కిరియ నెక్కించుకొన్న ఆటోలు, కూలీలను కందిచేలకు చేర్చు ట్రాలీ ఆటో, నీళ్ల ట్యాంకరును లాగు ట్రాక్టరు, ఇసుకయో సిమెంటో మోయు లారీ, ఇవియన్నియు ఒక్క వేళను ఒక్క ఇరుకు బాటలోనికి వచ్చును. వానిలో అనేకము పట్టణములలో ఒకరిద్దరు యజమానుల చేతులు మాఱి, అచ్చట పనికిరావని తేలిన పిమ్మట సెకండు హ్యాండు బేరముగ మన యూళ్లకు దిగినవే. ఇంజను ఆపినచో తిరిగి అందుకొనదను భయమున డ్రైవరు దానిని ఆపడు. సైలెన్సరు గొట్టమునుండి నల్లని పొగ బడిపిల్లల మొగములమీదికే వచ్చుచుండును. ఆ గొట్టము ఎత్తును, బిడ్డ ముక్కు ఎత్తును ఇంచుమించు ఒక్కటే యని ఎవరును గమనించినట్లు లేదు.

మోటారు బండి మనకు చేసిన మేలును మేము తక్కువచేయుట లేదు. వెలిగండ్ల 1970వ సంవత్సరము వఱకు నెల్లూరు జిల్లాకు ఒక మూల. పిమ్మట ప్రకాశము జిల్లాకు ఒక మూల. జిల్లా కేంద్రమునకు దూరముగ నుండు ఇట్టి చోట పురిటినొప్పులు పడు స్త్రీని ఆసుపత్రికి చేర్చినది ఆటోయే. కఱవునాడు కూలికి పోవువారిని గుంటూరు సీమకును, పై పట్టణములకును చేర్చినది లారీయు బస్సునే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు దొరకనప్పుడు బస్సు వెనుక బొగ్గుల పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో బండి నడిపిన రోజులను పెద్దలు చెప్పగా విన్నవారు మనలో ఇప్పటికిని కలరు. నాడు మన తాతలు ఆ పొగను సహించిరి. ఏలయన వేఱు దారి లేదు. నేడు మనము సహించుట దారి లేకకాదు, అడుగక.

ఈ పొగయందేమున్నదో తెలిసికొందము. చమురు ఇంజనులో పూర్తిగ కాలినచో ముఖ్యముగ బొగ్గుపులుసు వాయువును, నీటియావిరియు వెలువడును. పూర్తిగ కాలనిచో కార్బను మోనాక్సైడు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తమునందు ప్రాణవాయువును మోయు హిమోగ్లోబినును ఇది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. కాలని చమురు ఆవిరులు మఱియొక భాగము. ఇంజను వేడిమికి గాలిలోని నత్రజని మండి నత్రజని ఆక్సైడులగును; ఇవి ఎండలో కాలని చమురు ఆవిరులతో కలిసి ఓజోనను ఘాటైన వాయువునకు కారణమగును. మన ఎండలు ఎట్టివో వేఱుగ చెప్పనక్కరలేదు. అన్నిటికంటె చెడ్డది మసి. ఆ మసిలో తలవెండ్రుక మందములో ముప్పదవ వంతుకును తక్కువైన కణములు కలవు. ముక్కులోని వెండ్రుకలు గాని, గొంతులోని తేమ గాని వానిని ఆపజాలవు. అవి ఊపిరితిత్తుల చివరి అరలకు చేరి, అచ్చటనుండి రక్తములో కలియును. ఉబ్బసము, గుండెపోటు, పక్షవాతము, ఊపిరితిత్తుల పుండు వీనికిని ఈ కణములకును సంబంధము రుజువైనది. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునదియే యని ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థవారు 2012 జూనులో నిర్ణయించి, దానిని మొదటి తరగతిలో చేర్చిరి. పొగచుట్టను చేర్చినదియు ఆ తరగతియందే.

పల్లె గాలి పరిశుభ్రమైనది గదా, నాలుగు బండ్ల పొగ దానిని చెఱచునాయని కొందఱనవచ్చును. విశాలమైన చేనిలో నిలిచినవానికి ఈ మాట కొంతవఱకు నిజమే. కాని పొగ కీడు బండ్ల సంఖ్యను మాత్రమే బట్టి యుండదు; గొట్టమునకు మనిషి ఎంత దగ్గఱగ నున్నాడో, ఎంతసేపు ఉన్నాడో దానినిబట్టియు నుండును. బస్సు స్టాండున టీ కాచువాడు, పండ్ల బండివాడు, మూలమలుపున నిలుచు హోంగార్డు, షెడ్డులో రేయింబవళ్లు ఇంజనుతో కుస్తీపట్టు మెకానిక్కు, ఆటోలో వెనుకతట్టున కూర్చుండి ఇరువది మైళ్లు పోవు కూలివాడు, వీరికి పల్లె గాలి మేలు చేయదు. పైగా మన ప్రాంతపు దేహములు ఇదివఱకే బలహీనములు. కనిగిరి సీమ నీటిలో ఫ్లోరైడు ఎక్కువయని లోకమెఱుగును. ఎముకలు వంగి, పండ్లు పసుపెక్కిన తరములు మన కండ్లయెదుట నున్నవి. మంచినీటి కొఱకు ట్రాక్టరు ట్యాంకరును ఎదురుచూచు తల్లి, ఆ నీటితోపాటు ఆ ట్రాక్టరు పొగను కూడ తన వీధిలోనికి ఆహ్వానింపవలసివచ్చుచున్నది. గోరుచుట్టుపై రోకటిపోటనగా ఇదియే.

ఈ కీడునకు లెక్క కూడ లేకపోవుట ఇంకొక విచారకరమైన విషయము. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వమువారు గాలి శుద్ధి కొఱకు ఒక జాతీయ కార్యక్రమమును ప్రారంభించిరి. గాలి ప్రమాణములు తప్పిన పట్టణముల జాబితాలో ఆంధ్రప్రదేశమునుండి 13 చేరినవి. మనము నిన్నటిదాక చేరియున్న జిల్లాకు కేంద్రమైన ఒంగోలు వానిలో నొకటి. నిధులును, ప్రణాళికలును ఆ పట్టణములకే. వెలిగండ్లలో గాలిని కొలుచు యంత్రము లేదు. కొలువని గాలి చెడినదని కాగితముమీద ఎవరును చూపజాలరు; చూపలేని దానికి నిధి రాదు. సన్నని కణములు ఏడాది సగటున ఘనమీటరు గాలికి 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశము 2009లో నిర్ణయించుకొన్నది. ప్రపంచారోగ్య సంస్థ 2021లో ఆ హద్దును 5కు దించినది. ఈ రెండింటిలో దేనితో పోల్చుటకైనను మనయొద్ద అంకె యుండవలె గదా!

ఇక ఈ పాతబండ్లు మనయొద్దకే ఏల చేరినవో చూడవలయును. ఇది దైవికముగ జరిగినది కాదు. మోటారు బండ్ల పొగకు మన దేశమున భారత్ ప్రమాణములని హద్దులు పెట్టిరి. కార్లు, లారీలు, బస్సుల విషయమున నాలుగవ ప్రమాణము, అనగా బి.ఎస్. 4, హైదరాబాదు, ఢిల్లీ మొదలగు 13 మహానగరములలో 2010 ఏప్రిలునుండియే అమలైనది. తక్కిన దేశమునకు అప్పుడు మూడవ ప్రమాణముతో సరిపెట్టిరి. నాలుగవది దేశమంతటికిని వర్తించుటకు 2017 ఏప్రిలు 1వ తేదీ రావలసివచ్చినది. ఆ మధ్యకాలమున నగరవాసి ఒక గాలికిని, పల్లెవాసి మఱియొక గాలికిని అర్హులని శాసనమే చెప్పినట్లయినది. నాడు కొన్న లారీలును, జీపులును, బస్సులునే నేడు పాతబండ్లై మన బాటలమీద తిరుగుచున్నవి. వాని పొగకు డ్రైవరు నొక్కనినే నిందించుట న్యాయము కాదు; నాటి నిర్ణయము కూడ ఆ గొట్టమునుండి వెలువడుచున్నది.

అంతకంటె విచిత్రమైన సంగతి ఇంకొకటి కలదు. ఢిల్లీలో పదియేండ్లు దాటిన డీజిలు బండ్లను నడుపరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలువారు ఆజ్ఞాపించిరి. సుప్రీముకోర్టువారు 2018లో దానిని స్థిరపఱచిరి. అట్టి బండ్లలో పదునైదేండ్లు నిండనివానికి ఎన్.ఓ.సి. యిచ్చి బయటి ప్రాంతములకు పంపవచ్చునని ట్రిబ్యునలువారు 2016 జూలైలో అనుమతించిరి. ఎట్టి ప్రాంతములకు? గాలి బాగుగ వీచి పొగ చెదరిపోవునవియు, బండ్లు తక్కువగ నున్నవియునగు జిల్లాలను రాష్ట్రములు ఏఱి చూపవలెనట! ఈ వర్ణన వెలిగండ్లకు అచ్చముగ సరిపోవును. ఆ న్యాయమూర్తులు చెడుతలంపుతో అట్లనిరని మేము చెప్పము. ఢిల్లీ ఊపిరాడక యున్నమాట నిజము. కాని రాజధాని పీల్చలేని పొగను పల్లె పీల్చవచ్చుననుటలో ఒక తలంపు దాగియున్నది. గాలి వీచుచోట నున్నవారి ఊపిరితిత్తులు ఊపిరితిత్తులు కావను తలంపది. మూలనున్న ఊరు ఇంటివెనుక పెంటకుప్ప వంటిదని భావించుట పరప్రభుత్వ కాలమున జరిగినదనిన ఆశ్చర్యము లేదు. స్వరాజ్యమున జరుగుట మాత్రము సహింపరానిది.

నగరమునకును పల్లెకును సమానముగ మేలు చేయుట అసాధ్యమాయనినచో, కాదని అనుభవమే చెప్పుచున్నది. సీసము కలిసిన పెట్రోలు పిల్లల మెదడునకు చేటని తేలినప్పుడు, 1995లో నాలుగు మహానగరములలో క్రొత్త కార్ల కొఱకు సీసము లేని పెట్రోలు మొదలిడి, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతట సీసమును మాన్పించిరి. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి అయిదవ మెట్టును దాటి ఆఱవ ప్రమాణమును ఒక్కసారిగ దేశమంతట అమలుపఱచిరి. పూర్వము బి.ఎస్. 3 డీజిలులో పదిలక్షల పాళ్లకు 350 పాళ్ల వఱకు గంధక ముండెడిది; నేడు 10 పాళ్లకు మించరాదు. ఢిల్లీ బంకున పోయు చమురునే కనిగిరి బంకునను పోయుచున్నారు. చమురులో సమానత్వము సాధ్యమైనప్పుడు పొగలో ఏల సాధ్యము కాదు? మంచి చమురు పోసినను, దానిని కాల్చు ఇంజను పాతదై, అరిగినదై, మసిని పట్టుకొను జల్లెడ లేనిదై యున్నచో ప్రయోజనము సగమే.

ఇందులకు ప్రభుత్వమువారు చేసినదేమి? 2021 ఆగస్టు 13వ తేదీన పాతబండ్లను తుక్కుచేయు విధానమును ప్రారంభించిరి. 2022 ఏప్రిలు 1వ తేదీనుండి పదునైదేండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమును 600 రూపాయలనుండి 5,000కును, మోటారు సైకిలుకు 300నుండి 1,000కిని, పెద్ద లారీ, బస్సుల ఎఫ్.సి. రుసుమును 1,500నుండి 12,500కును పెంచిరి. 2025 ఆగస్టులో ఇరువదియేండ్లు దాటిన కారునకు 10,000, మోటారు సైకిలునకు 2,000 చేసిరి. మన రాష్ట్రమున హరిత పన్ను వేఱుగ కలదు. దానిని ఒకసారి పెంచి, లారీ యజమానుల మొఱలు విని మఱల తగ్గించిరి. ఇన్ని లెక్కలలో బండి వయస్సు ఉన్నది, యజమాని చెల్లింపవలసిన సొమ్ము ఉన్నది. బండి వదలు పొగ మాత్రము లేదు. పదునాఱేండ్ల బండి బాగుగ సవరింపబడి తక్కువ పొగ వదలినను అంతే రుసుము. ఎనిమిదేండ్ల బండి మేఘమువలె నల్లగ క్రక్కినను దానికి ఈ చిక్కు లేదు. సొమ్ము కట్టగలవాడు కట్టి పొగ విడుచును. కట్టలేనివాడు కాగితములు లేకుండనే తిరిగి పొగ విడుచును. పొగకు ఈ భేదము తెలియదు.

పొగను కొలుచు నియమము లేకపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 115వది అదియే. రిజిస్ట్రేషను అయిన యేడాది తరువాత ప్రతి బండికిని పొల్యూషను కాగితముండవలెను, బి.ఎస్. 4, 6 బండ్లకు అది యేడాదియు, అంతకు పాతవానికి ఆఱు మాసములును చెల్లును. డీజిలు బండి ఇంజనును పూర్తిగ తొక్కి పొగ చిక్కదనమును కొలువవలెను. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము హద్దు మీఱినవానికి 10,000 రూపాయల వఱకు జరిమానా, మూడు మాసముల వఱకు ఖైదు, లైసెన్సు నిలుపుదల విధింపవచ్చును. చట్టము గట్టిదే. అమలు సంగతి వేఱు. బండి రాకుండ నంబరు మాత్రము చెప్పి కాగితము తెచ్చుకొనుట మన యూళ్లలో వింత కాదు. ఇది మన యొక్కరి పాపమే కాదు. 2025 ఏప్రిలు 1వ తేదీన ఢిల్లీ శాసనసభయెదుట ఉంచబడిన కాగ్ నివేదికలో, హద్దు మీఱిన లక్షకు పైబడిన బండ్లకు సైతము కాగితములు ఇచ్చివేసిరనియు, ఒక్క కేంద్రమున ఒకే క్షణమున ఒకటికంటె ఎక్కువ బండ్లను పరీక్షించినట్లు వ్రాసికొనిరనియు బయటపడినది. రాజధానిలోనే ఇట్లున్నప్పుడు మన మూలలను గూర్చి చెప్పవలసినదేమి?

కావున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటియే. కొలువవలసినది వయస్సు కాదు, పొగ. వయస్సునుబట్టి బండిని రద్దుచేయుడని కోరువారితో మేము ఏకీభవింపలేము. అప్పుచేసి పాత ఆటో కొనుక్కొని, దినమున కయిదారు వందలు మిగుల్చుకొని పిల్లలను చదివించుకొనువాని బండిని ఒక్క దినమున తుక్కుచేయుట అన్యాయము. అతని ఆటో పోయినచో అతని ప్రయాణికులకు కూడ దారి పోవును. కాని అతని బీదతనమును చూపి, పొగను విడువనిండని చెప్పువారితోను మేము ఏకీభవింపలేము. ఆ పొగను పీల్చువాడు అతనికంటె బీదవాడు. అన్నిటికంటె ముందుగ పీల్చువాడు అతడే.

పొగ విడుచు బండి చాలసార్లు మరమ్మతు కోరు బండి. పొగ రంగే రోగమును చెప్పును. నల్లని పొగ వచ్చినచో చమురు ఎక్కువై గాలి తక్కువైనదన్నమాట; ఎయిరు ఫిల్టరు మూసికొనిపోయినదో, నాజిళ్లు అరిగినవో, డీజిలు పంపు తప్పుగ అమర్చబడినదో, మోయవలసిన దానికి మించి బరువెత్తిరో చూడవలెను. నీలిపొగ వచ్చినచో రింగులరిగి ఇంజను ఆయిలు కాలుచున్నదన్నమాట. టూ స్ట్రోకు బండ్లలో ఆయిలు పెట్రోలుతో కలిసియే కాలును. కొంత పెట్రోలు కాలకయే బయటికి పోవును. అందుచేతనే అవి అంత పొగ చిమ్మును. ఫిల్టరు మార్చుటకును, నాజిళ్లు శుభ్రము చేయించుటకును పెట్టు ఖర్చు వృథాగ కాలిపోవు చమురు మిగులుటచేత కొంతవఱకు తిరిగివచ్చును. నల్లపొగ యనగా యజమాని జేబులోని రూపాయి మసియై గాలిలో కలిసిపోవుటయే. ఈ మాట షెడ్డులోని మెకానిక్కులందఱికిని తెలియును. చెప్పువారు లేక, బండి ఆగినదాక షెడ్డునకు తీసికొనిపోవు అలవాటు లేక మనము నష్టపడుచున్నాము.

ఇచ్చట భూస్వాములైన మన పాఠకులకు ఒక మాట. ఆటోవానిని నిందించుటకు ముందు మన చావడిలోని ట్రాక్టరును చూచుకొందము. ట్రాక్టరులకు పొగ ప్రమాణములు వేఱుగ నున్నవి. 50 అశ్వబలమునకు మించినవానికి మాత్రమే 2023 జనవరినుండి కొంత కఠినమైన ప్రమాణము వచ్చినది. మన చేలలో దున్నునవి చాలవఱకు అంతకు లోపలివి, అందునను పాతవి. చేనిలో అది విడుచు పొగ దున్నువానికొక్కనికే చేటు. కాని మనము దానిని చేనిలోనే ఉంచుటలేదు. ట్యాంకరు కట్టుచున్నాము, ఇటుక తోలుచున్నాము, పెండ్లివారిని ఎక్కించుచున్నాము, బడిముందఱ ఇంజను ఆపకుండ నిలుపుచున్నాము. ఇంటి దీపమని ముద్దుపెట్టుకొన్నచో మూతి కాలక మానదు. ఏటా దుక్కికి ముందు నాగటి కఱ్ఱులు సరిచేయించువారము, నాజిళ్లను కూడ చూపించుట మనకొక భారము కాదు. ఊరిలో పెద్దలు చేసిన పనిని తక్కినవారు అనుసరింతురు.

ప్రభుత్వమువారు సైతము తమ యింటినుండియే ఆరంభింపవలయును. పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ బండ్లను 2023 ఏప్రిలు 1వ తేదీనుండి రోడ్డెక్కనీయరాదని కేంద్రమువారు నిర్ణయించిరి; ఇది ప్రశంసింపదగినది. మన ఆర్.టి.సి. ఉద్యోగులు 2020 జనవరి 1వ తేదీన ప్రభుత్వోద్యోగులైరి. 2025 ఆగస్టు 15వ తేదీన స్త్రీశక్తి పథకము క్రింద స్త్రీలకు ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. కూలికి పోవు స్త్రీకి, కాలేజికి పోవు బాలికకు ఇది గొప్ప మేలు. మంచి బస్సు నిండ జనము పోవుట నాలుగు పొగ ఆటోలను తప్పించుటయే యగును. ఐతే ఆ బస్సు పాతదై, జనభారమునకు నల్లగ మూల్గుచు పోవునదైనచో పథకముయొక్క సగము ఫలము పోవును. క్రొత్త బస్సులు మొదట మహానగరములకు, అచ్చట అరిగినవి పల్లెవెలుగునకు అను వాడుక మాఱవలెను. కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు, పొదిలి డిపోలకు క్రొత్త బస్సులలో న్యాయమైన భాగము రావలయునని మన శాసనసభ్యులు అడుగవలెను.

2025 డిసెంబరు చివర మార్కాపురము కేంద్రముగ క్రొత్త జిల్లా ఏర్పడినది. చిరకాలపు కోరిక తీఱినది. క్రొత్త జిల్లా అధికారులు క్రొత్త భవనములతోపాటు క్రొత్త అలవాట్లను కూడ నెలకొల్పుదురుగాక. వారియెదుట ఈ క్రింది పనులను ఉంచుచున్నాము. ఇవి పెద్ద ధనము కోరునవి కావు.

మొదటిది: పొగను కొలుచు యంత్రము బండియొద్దకు రావలెను. నెలకొకమాఱు సంతదినమున ప్రతి మండల కేంద్రమునకు రవాణా శాఖవారి పరీక్ష బండి వచ్చి, ఎదుటనే కొలిచి, అంకెను యజమానికి వ్రాసియిచ్చునట్లు చేయవలెను. తప్పినవానికి మొదటిసారి జరిమానా వలదు. మరమ్మతునకు ఒక నెల గడువిచ్చి మఱల చూడవలెను. అప్పటికిని మాఱనివానిపై చట్టమును ప్రయోగింపవలెను.

రెండవది: సెకండు హ్యాండు బండి ఏ పట్టణమునుండి వచ్చినను, పేరు మార్పుకు ముందు ఈ జిల్లాలోనే పొగ పరీక్ష జరుగవలెను. పట్టణము పాఱవేసిన దానిని కన్నుమూసికొని చేర్చుకొనుటకు మనము బద్ధులము కాము. కొనువాడు కూడ టైర్లను, బ్యాటరీని చూచునట్లే పొగను చూచి బేరమాడవలెను.

మూడవది: తుక్కుచేయు యజమానికి క్రొత్తబండి పన్నులో సొంతబండ్లకు 25 శాతము వఱకు, కిరాయిబండ్లకు 15 శాతము వఱకు రాయితీ యీయవచ్చునని కేంద్ర నియమములందున్నది. కిరాయిబండివాడే ఎక్కువ తిరుగువాడు, ఎక్కువ పొగ విడుచువాడు, తక్కువ సొమ్ము గలవాడు. అతనికే తక్కువ రాయితీ యేమి? రాష్ట్రము హరిత పన్నుగ వసూలు చేసినదానిలో ఒక భాగమును చిన్న ఆటోవాని బండి మార్పిడికి అప్పుగనో సాయముగనో యిచ్చినచో ఆ పన్ను పేరు సార్థకమగును.

నాలుగవది: ఇది పంచాయతీల పని. బడివాకిట, ఆసుపత్రి వాకిట, బస్సు స్టాండున నిలిచిన బండి ఇంజను ఆపవలెనని తీర్మానించి ఒక బల్ల కట్టించుటకు ఏ ప్రభుత్వముయొక్క అనుమతియు అక్కరలేదు. ఐదవది: క్రొత్త జిల్లాలో గాలిని కొలుచు కేంద్ర మొకటైన నెలకొల్పవలెను. మార్కాపురమున పలకల రాతి పనిలో రేగు దుమ్మును, బాటపై రేగు పొగను అది కలిపి కొలుచును. లెక్క తెలిసిననాడు మన మొఱకు బలము వచ్చును.

ఆటోకార్మికులు ఇందువలన తమకు పీడ పెరుగునని భయపడవచ్చును. పరీక్షపేర పీడించు అధికారులు లేరని మేము అనజాలము. అందుచేతనే పరీక్ష సంతలో పదుగురియెదుట జరుగవలెననియు, అంకె కాగితముపై ఎక్కవలెననియు కోరుచున్నాము. చాటున జరుగు పరీక్షయే లంచమునకు తావిచ్చును. ఎదుట జరుగు పరీక్ష పేదవానికి రక్ష.

నీటి కొఱకు దశాబ్దములుగ వెలిగొండవైపు చూచుచు మన ప్రాంతము ఓర్పును అభ్యసించినది. నీరు కొండను తొలిచికొని రావలెను. దానికి కోట్లు కావలెను, ఏండ్లు కావలెను. గాలికి అట్టి సొరంగములు అక్కరలేదు. అది మన వాకిటనే యున్నది. దానిని చెఱచుచున్నది మన చేతిలోని బండియే. తిలాపాపము తలా పిడికెడను సామెత ఇచ్చట అక్షరాల నిజము. ఢిల్లీవానికి తగని పొగ వెలిగండ్ల బిడ్డకు తగునను న్యాయమును మనము అంగీకరింపకుందుము గాక. అట్లు నిరాకరించుటకు మొదటి గుర్తుగ, రేపు ఉదయము బడిముందఱ మన బండి ఇంజనును మనమే ఆపుదము. అధికారులు తమవంతు నెరవేర్తురని ఆశించుచున్నాము.